ఏలీషా అన్నయ్య గిటారుకు పెట్టిన చిల్లు

కలకత్తా,
మంగళవారం, పొద్దున.

ప్రియమైన ఏలీషా అన్నయ్యకు నీ తమ్ముడు సామ్యేలు వందనాలు చేసి రాసేది.

ప్రభువు దయవల్ల ఇక్కడ నా ఒంట్లో కులాసాగానే ఉంది. మనసులో ఎలా ఉందో ఇంకాస్త కిందికి చదివితే నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ, వదినా, మన చిట్టితల్లి రూతూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వదినకి ఆ దగ్గు తగ్గిందా? అవనిగడ్డ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళమని పోయిన ఉత్తరంలో రాశాను. దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. రాయాల్సినవి రాయవు, చెయ్యకూడనివి చేసి తీరుబడిగా రాస్తావు.

అన్నయ్యా, ఇక్కడ చదవడం ఆపు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ముందు చర్చికి వెళ్ళు. నేను చేసి పంపిన గిటారు తల దగ్గరున్న మరలు తిప్పి తీగలన్నీ వదులు చెయ్యి. ఒక్కటే పూర్తిగా వదిలెయ్యకు, అన్నిటినీ కొంచెం కొంచెంగా, మోకు తాళ్ళు వదిలినట్టు సమంగా వదులు. తీగలు వదులైతే వాటి కింద నిలబడ్డ చిన్న చెక్క, బ్రిడ్జి అంటారు దాన్ని, ఊడి చేతిలోకి వస్తుంది. అది విరగలేదు. దాన్ని మేము అసలు అంటించలేదు. తీగల బరువుకే అది అక్కడ నిలబడుతుంది. నీకు దండం పెడతాను, ఊడిందని దానికి మేకు మాత్రం కొట్టకు. గుడ్డలో చుట్టి వదినకి ఇయ్యి. ఇదంతా చేసొచ్చాక మిగతా ఉత్తరం చదువుకో.

వెళ్ళొచ్చావా? సరే, ఇప్పుడు నేను తిట్టదలుచుకున్నది తిడతాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం టీ వేళకి అందింది. చర్చికి కొత్త పెంకులు వేసిన సంగతి, ప్రతిష్ఠ బాగా జరిగిన సంగతి, గూడూరు నుంచి పాస్టరుగారి తమ్ముడు వచ్చి గిటారు వాయించిన సంగతి రెండేసిసార్లు చదువుకున్నాను. పార్సిలు బందరు స్టేషనులో దింపుకుని, బస్సు టాపు మీద వెయ్యనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని వచ్చావని రాశావు. అది చదివి పక్కనున్న రోజారియోగారికి కూడా చెప్పాను. "మా అన్నయ్య అంటే ఏమనుకున్నారు!" అన్నాను. తర్వాత కాగితం తిరగేశాను.

నువ్వు రాసింది నీకే మళ్ళీ వినిపిస్తాను, చేసిన పని ఎలా ఉందో తెలుస్తుంది. "గిటారు చాలా ముచ్చటగా ఉంది తమ్ముడూ, గానీ హడావుడిలో మధ్యలో చిల్లు పెట్టడం మర్చిపోయావు. జోసపు మావయ్య చూసి కనిపెట్టారు. నువ్వేమీ బాధపడకు. నేను సన్న రంపం పెట్టి గుండ్రంగా కోసేశాను. వెంట్రుకంత పెచ్చు కూడా లేవలేదు. లోపల రెండు బద్దలు అడ్డొస్తే వాటిని కూడా చిల్లుతో సమంగా కోసి నున్నగా చేశాను."

మర్చిపోయానా! ఇల్లు కట్టినవాడు గుమ్మం పెట్టడం మర్చిపోతాడా అన్నయ్యా? నువ్వు పడవ కట్టి చుక్కాని మర్చిపోయావని ఎవడైనా అంటే వాణ్ణి రేవులోకి తోసెయ్యవూ?

జోసపు మావయ్యగారు సంఘపెద్దే, కాదనను. నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆయనే. అంతమాత్రాన ఆయనకి గిటార్లు తెలుసని ఎవరు చెప్పారు? "బందరు మిషను బంగళాలో దొరగారి గిటారు నా కళ్ళతో చూశాను, నడుమ గుండ్రటి చిల్లుంది, చిల్లు లేనిది గిటారే కాదు" అన్నారట. గిటారు పైచెక్కకి పక్కల నేను పెట్టిన రెండు వంకర చీలికలూ ఫిడేలువట. ఫిడేలు పైచెక్క తెచ్చి గిటారుకి అతికించానట నేను. ఆయన అన్నారు, నువ్వు తలూపావు. ఆ దొరగారు ఒక చేతికి గడియారం పెట్టుకునేవారు కదా, రెండో చేతికి లేదని ఆ చేతిని కూడా నరికేద్దామని మావయ్య అనలేదు, సంతోషం!

అన్నయ్యా, గిటార్లలో రెండు జాతులున్నాయి. దొరగారిది చదునైన పలకతో చేసినది, దానికి నడుమ చిల్లు ఉంటుంది. ఇది వేరు. దీని పైచెక్క పలక కాదు. నీకు తెలిసిన మాటలో చెబుతాను. తాటిదోనె ఎలా తొలుస్తాం? అలా మందపు చెక్కని లోపలా బయటా తొలుచుకుంటూ వచ్చి, బోర్లించిన దోనెలాగా వీపు పైకి ఉబ్బేలా చెయ్యాలి. నడుమ మందం, అంచులకి వచ్చేసరికి పలచన. తీగల బరువంతా బ్రిడ్జి మీద పడితే ఆ వీపే మోస్తుంది. లోపల ఆ రెండు బద్దలూ దానికి పక్కటెముకలు. గాలి వెళ్ళడానికి ఆ వంకర చీలికలు రెండూ చాలు, అందుకే అవి పక్కలకి ఉన్నాయి. నువ్వు వీపు నడుమ కోసి, పక్కటెముకలు కూడా నున్నగా కోశావు! నున్నగా అని మళ్ళీ గొప్పగా రాశావు!

"చిల్లు పెట్టాక శబ్దం పెరిగిందని అందరూ అన్నారు" అని కూడా రాశావు. గోడ పడగొడితే గాలి బాగానే వస్తుంది. అసలు కోసే ముందు ఎలా పలికేదో ఎవరికి తెలుసు? పాస్టరుగారి తమ్ముడు రాకముందే కోశావు కదా. ఒక్క తీగ మీటి చూశారా మీరు? అంతమంది పెద్దలు గుమిగూడి, ఒక్క వేలు కూడా పెట్టకుండా దానికి రోగం ఉందని తేల్చేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అమ్మ అనేది, గుర్తుందా?

చివర్లో ఇంకో వాక్యం రాశావు చూడు. "ఈ మధ్య బ్రిడ్జి దగ్గర కాస్త కిందికి దిగినట్టుంది, వానల తడికి అయ్యుంటుంది." తడి కాదు అన్నయ్యా. అది కూలిపోతోంది. అందుకే నిన్ను ముందు చర్చికి పరిగెత్తించాను. దాన్ని పాస్టరుగారు నిలబడే పల్పిటు పక్కన మేకుకు తగిలించారట, ఆ సంగతి ఇంకోసారి మాట్లాడతాను. చేపనూనె మాత్రం రాయలేదు కదా? పడవకి రాసినట్టు ఏడాదికోసారి రాస్తే మన్నుతుందని నీకు తోచే ఉంటుంది. రాస్తే నిజం చెప్పు, దాచకు.

ఇక్కడ ఈ పని నేర్చుకోవడం ఎలా ఉంటుందో నీకు ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. తిండి గురించి, వాన గురించి రాసి సరిపెట్టాను. తిండి సంగతి ఇప్పుడూ అంతే. మనం పులస అనేదాన్ని వీళ్ళు ఇలిష్ అంటారు. అంత మంచి చేపని తెచ్చి ఆవనూనెలో ముంచుతారు. తింటుంటే కళ్ళ నీళ్ళు వస్తాయి, ఘాటుకో దిగులుకో తెలియదు. వాన మొదలైతే వీధిలో మోకాటిలోతు నీళ్ళు. జిగురు ఆరదు. ఆదివారం చర్చిలో అంతా ఇంగ్లీషు పాటలు. పక్కవాళ్ళకి వినబడకుండా మన పాట ఒకటి నాలో నేను పాడుకుని వస్తాను.

ఇప్పుడు దొరల సీమ నుంచి గిటార్లు రావడం కష్టమైపోయింది, అందుకని పెద్ద హోటళ్ళలో బ్యాండు వాయించేవాళ్ళంతా ఇక్కడే చేయించుకుంటున్నారు. మా కార్ఖానాలో బల్లలు వరసగా ఉంటాయి. ఒక బల్ల రోజారియోగారిది, ముసలాయన, తాతల నాటి నుంచి వాళ్ళింట్లో ఫిడేళ్ళు బాగుచేసేవాళ్ళు. ఒకటి లిన్ మిస్త్రీది, చీనా వడ్రంగి, మాట తక్కువ. ఒకటి నిమాయి బాబుది, బెంగాలీవాడు, మాటలకి మాత్రం ఏ లోటూ లేనివాడు. కిటికీ దగ్గర ఉన్నది నాది.

వీళ్ళు అడిగితే ఏమీ చెప్పరు అన్నయ్యా. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. ఇక్కడి పద్ధతి వేరే. టీ వేళకి నీ చెక్కని బల్ల మీద వెల్లకిలా పెట్టి నువ్వు బయటికి వెళ్ళిపోవాలి. నీ బల్ల పక్కగా పోయే పనివాళ్ళు ఆగి దాన్ని చూస్తారు. రోజారియోగారు వేలి కణుపుతో తట్టి వింటారు. లిన్ మిస్త్రీ రెండు బొటనవేళ్ళతో వంచి చూస్తాడు. నిమాయి బాబు కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటాడు, పలచనైన చోట చెక్కలోంచి వెలుగు ఎర్రగా కనబడుతుంది. ఎక్కడ ఇంకా మందంగా ఉందో అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టి వెళ్ళిపోతారు. తిరిగొచ్చి ఆ గీతల దగ్గర చిత్రిక పట్టాలి. ఎవరు పెట్టారని అడగకూడదు. ఎందుకు పెట్టారని కూడా అడగకూడదు. అలా ఎన్ని చెక్కలు పాడుచేస్తే తెలిసిందో ఆ ఎందుకన్నది!

ఒకసారి రోజారియోగారు నా చెక్క తట్టి, "ఏం వినబడుతోంది?" అన్నారు.

"గుడివాడ సంతలో అమ్మ కుండ తట్టినట్టుంది" అన్నాను నేను.

"ఏ కుండ? ఆవిడ కొన్నదా, వదిలేసిందా?"

"వదిలేసిందండీ."

"అయితే ఆవిడ కొనేదాకా చెక్కు" అన్నారాయన.

చర్చికి పంపిన గిటారు అలా అయింది. టీ మానేసి, ఆదివారాలు కూడా ఆరాధన అయ్యాక వచ్చి చేశాను. ఒకరోజు మధ్యాహ్నం రోజారియోగారు తట్టి చూసి గీత పెట్టకుండా వెళ్ళిపోయారు. లిన్ మిస్త్రీ వంచి చూసి గీత పెట్టకుండా వెళ్ళిపోయాడు. నిమాయి బాబు వెలుగుకి ఎత్తి, కావాలని చాలాసేపు చూసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను గుమ్మం బయట నిలబడి ఇదంతా చూశాను. అన్నయ్యా, నువ్వు నా చేత మొదటిసారి పడవకి చివరి పలక బిగింపజేసినప్పుడు తప్ప నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

పైచెక్క మూసే ముందు లోపలివైపు, ఎవరికీ కనబడని చోట, ఒక పేరు రాయడం ఇక్కడి ఆచారం. రాసేది మన పేరు కాదు. మన చేతికి మొదట పనిముట్టు ఇచ్చిన మనిషి పేరు. రోజారియోగారు వాళ్ళ తాత పేరు రాస్తారు. లిన్ మిస్త్రీ చీనా అక్షరాల్లో ఎవరిదో రాస్తాడు. నేను "ఏలీషా" అని రాశాను. నాన్న పోయాక నా చేతికి బాడిశ ఇచ్చింది నువ్వు. నాగాయలంక రేవులో ఎండలో నిలబెట్టి చెయ్యి వాచేలా చెక్కించింది నువ్వు. నీ పేరు సరిగ్గా వీపు నడుమ, బద్దలు రెండింటి మధ్యా రాశాను. గిటారు ఉన్నంతకాలం లోపల నీ పేరు ఉంటుందనుకున్నాను.

నువ్వు దాన్ని గుండ్రంగా కోసి తీసేశావు.

కోసింది చాలక, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా ఏం రాశావు? "చెక్క లోపల నా పేరుంది. పార్సిలు ఎవరికి చేరాలో మర్చిపోకుండా గుర్తు పెట్టుకున్నావని నవ్వుకున్నాం." పార్సిలు గుర్తా అది? గిటారు లోపల రాసుకుంటే రైలువాడు ఎలా చదువుతాడు? ఒక్క క్షణం ఆలోచించావా? "ముక్క పారెయ్యలేదు, మీ వదిన ఆవకాయ జాడీకి మూత పెట్టింది, కొలిచి చేసినట్టు సరిపోయింది" అట! వదిన మీద నాకు కోపం లేదు. ఆవిడకి మూత కావాలి, మూత దొరికింది. ఈపాటికి నీ పేరంతా నూనె పట్టేసుంటుంది. ఆ ముక్క నాకు వద్దు. జాడీకే ఉంచుకోండి.

చిల్లు కంటే, ముక్క కంటే నన్ను ఎక్కువ మండించింది ఏమిటో ఇప్పుడు రాస్తాను. నీతో పనిచేసిన అన్నేళ్ళలో, నీ పడవకి ఒక మేకు కొట్టాలంటే ముందు నీ వంక చూసేవాణ్ణి. నువ్వు తలూపితే కొట్టేవాణ్ణి. నువ్వు బీడీ ముట్టించుకుంటూ ఎటో చూస్తుంటే, నీ చూపు నా మీదికి వచ్చేదాకా సుత్తి ఎత్తి పట్టుకుని నిలబడేవాణ్ణి. "కట్టేవాడి మాట లేకుండా చెక్క ముట్టుకోకూడదురా" అని నేర్పింది నువ్వే కదా. మరి నా చెక్కకి రంపం పెట్టేటప్పుడు నువ్వు ఎవరి వంక చూశావు? జోసపు మావయ్య వంక! ఆయన జన్మలో ఉలి పట్టలేదు. ఒక కార్డు ముక్క రాసి పోస్టు చేస్తే వారం తిరిగేలోగా జవాబు రాసేవాణ్ణి. "తమ్ముడూ, దీనికి చిల్లేది?" అని అడిగితే నీ పెద్దరికానికి ఏం తక్కువయ్యేది? నీకు ఆ ఆలోచనే రాలేదు. నీకు తెలియని పని నాకు తెలిసి ఉంటుందని నీకు తట్టలేదు. నీ దృష్టిలో నేను ఇంకా సుత్తి ఎత్తి పట్టుకుని నీ చూపు కోసం నిలబడ్డవాణ్ణే.

ఇది రాస్తూ పాళీ గట్టిగా నొక్కేశాను. అక్షరాలు బాగాలేకపోతే ఓపిగ్గా చదువు.

నిన్న జరిగింది కూడా వినాలి నువ్వు. నీ ఉత్తరం చదివి నేను బల్ల మీద తలపెట్టుకుని కూర్చుంటే రోజారియోగారు వచ్చి ఏమైందని అడిగారు. చెప్పాను. మిగతావాళ్ళూ పనిముట్లు కిందపెట్టి వచ్చారు. వాళ్ళు పెట్టిన గీతలు, పెట్టకుండా వదిలిన గీతలు అన్నీ ఆ చెక్కలో ఉన్నాయి కదా. అది నా ఒక్కడిదే కాదు. తర్వాత నిమాయి బాబు నవ్వడం మొదలుపెట్టాడు.

"చిల్లు పెట్టారా! మీ ఊళ్ళో తబలాకి కూడా చిల్లు పెట్టుకుంటారా?" అన్నాడు.

పక్క బల్లలవాళ్ళు కూడా నవ్వారు. అంతవరకు మనసులో నిన్ను నానా మాటలూ అంటున్నవాణ్ణి, ఒక్కసారి లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడానో అంతా గుర్తులేదు. హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించాను.

"మా అన్నని నేను తిట్టుకుంటాను, మీరెవరు నవ్వడానికి? మా అన్న కట్టిన పడవ కృష్ణ వరదలో అటూ ఇటూ తిరుగుతుంది. అంత పలచని చెక్కని, తొలిచి ఉబ్బెత్తుగా చేసినదాన్ని, పెచ్చు లేవకుండా గుండ్రంగా కోశాడు. మీలో ఎవరైనా కొయ్యండి చూద్దాం! ఆయనకి ఇది తెలియదు. తెలియకపోవడానికి, చేతకాకపోవడానికి తేడా లేదా?"

నిమాయి బాబు నవ్వాపలేదు గానీ కాస్త తగ్గాడు. లిన్ మిస్త్రీ లేచి, తన బల్ల కింద చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన చెక్క ఒకటి బయటికి తీశాడు. కొండల నుంచి తెప్పించుకుని తనకోసమని దాచుకున్న దేవదారు. అది నా బల్ల మీద పెట్టి, "పక్కలు బాగున్నాయి, వెనక చెక్క బాగుంది. పైది ఊడదీసి కొత్తది పెట్టు" అన్నాడు. ఆయన ఒక్క రోజులో అన్ని మాటలు మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

రోజారియోగారు చెక్క తట్టి చూసి, "గిటారుని తెప్పించు. పార్సిలులో వద్దు, మీ అన్ననే తెమ్మను. నీ బల్లకి అవతల కూర్చుని నీతో పాటు చెక్కుతాడు. యజమానితో నేను మాట్లాడతాను" అన్నారు. బయటివాళ్ళని లోపలికి రానివ్వని మనిషి మా యజమాని. రోజారియోగారి పెద్దరికానికి సాయంత్రానికల్లా ఒప్పుకున్నాడు.

అంతా బాగానే ఉంది. అప్పుడు నిమాయి బాబు టీ గ్లాసు కిందపెట్టి, ఈసారి నవ్వకుండా, "రాడు" అన్నాడు.

"ఎందుకు రాడు?" అన్నాను.

"ఏ ఊళ్ళోనైనా పెద్దన్నలు ఒకటే. తమ్ముడికి నేర్పమంటే పరిగెత్తుకొస్తారు. తమ్ముడి దగ్గర నేర్చుకోమంటే పనులున్నాయంటారు. మా అన్నయ్య నా బల్ల ఎక్కడుందో ఇప్పటికీ చూడలేదు."

 అన్ని బల్లలవాళ్ళూ నా వంకే చూస్తున్నారు. ఇంతలో నా నోటి నుంచి మాట వచ్చేసింది. "మా అన్నయ్య వస్తాడు" అన్నాను.

అనేశాను అన్నయ్యా. రాత్రంతా నిద్రపట్టలేదు. నువ్వు నిజంగా వస్తావో లేదో నాకు తెలియదు. తెలియని మాట తెలిసినట్టు చెప్పాను, జోసపు మావయ్యలాగే.

ఇక ఎలా రావాలో రాస్తాను. ఇప్పుడే వద్దు. వానల్లో జిగురు ఆరదు, నీకూ వరదల ముందు పడవల మరమ్మతులు ఉంటాయి. చలి మొదలయ్యాక బయల్దేరు. బందరులో రైలెక్కి, గుడివాడ మీదుగా బెజవాడ చేరి, అక్కడ హౌరా మెయిలు పట్టుకో. గిటారుని దుప్పట్లో చుట్టి పైబెర్తు మీద నీ తల దగ్గర పెట్టుకో, ఎవరైనా దాన్ని దిండు చేసుకుంటామంటే ఒప్పుకోకు. స్టేషనుకి నేను వస్తాను. క్రిస్మసుకి చర్చిలో గిటారు లేకపోతే ఫర్వాలేదు, హార్మోనియం ఉంది, తబలా ఉంది, రూతు గొంతు ఉంది. నీ ఉలులు తెచ్చుకో, ఇక్కడివి నీ చేతికి చిన్నవిగా ఉంటాయి. రెండు పిడికిళ్ళ ఎండు రొయ్యలు, కాస్త గోంగూర పచ్చడి పట్టించుకు రా, లిన్ మిస్త్రీకి కారం ఇష్టం. వదినని, రూతుని ఒంటరిగా వదలలేనంటావేమో, మొవ్వ నుంచి వదిన తమ్ముణ్ణి కొన్నాళ్ళు వచ్చి ఉండమను. ఇది సాకుగా మాత్రం రాయకు.

నువ్వు వచ్చి కూర్చున్నాక నేను నీకు ఏమీ చెప్పను. టీ వేళకి నీ చెక్క బల్ల మీద వెల్లకిలా పెట్టి బయటికి వెళ్ళిపో. మేం చూసుకుంటాం. గీతలు పెడితే కోపం తెచ్చుకోకు, అవి నావి కూడా అయ్యుంటాయి.

జోసపు మావయ్యగారికి వందనాలు చెప్పు. నేను కోపంగా ఉన్నానని కూడా చెప్పు, దాచొద్దు. ఆయన పెద్దవారు, నాకు అక్షరం నేర్పినవారు, అందుకే ఇంతటితో ఊరుకున్నాను. పాస్టరుగారికి, ఆయన తమ్ముడికి నా నమస్కారాలు. రూతుకి ముద్దులు. వదిన డాక్టరు దగ్గరికి వెళ్ళి తీరాలి, ఇది నా మాటగా చెప్పు. ఇంటిల్లిపాది ప్రార్థనలో నా పేరు కూడా తలుచుకోండి. ఇక్కడ నేను రోజూ మీ అందరి పేర్లూ తలుచుకుంటున్నాను, నిన్న రాత్రి నీ పేరు కాస్త గట్టిగా తలుచుకున్నాను.

తిట్టినందుకు క్షమించమని అడగను. తిట్టాల్సిన పనే చేశావు. అయినా నీ దీవెన లేకుండా నా చేతిలో ఉలి ఆడదు, కాబట్టి దీవించు.

వస్తావో రావో ఒక కార్డు ముక్క మీద రాయి. అవునంటే అవును, కాదంటే కాదు. నిమాయి బాబుకి అది చదివి వినిపించాలి. జవాబు రాసే ముందు జోసపు మావయ్యని గానీ, పాస్టరుగారిని గానీ, ఊళ్ళో ఇంకెవరిని గానీ అడక్కు. గిటారు చేసినవాణ్ణి నేను. నేను పిలుస్తున్నాను.

కోపం తగ్గని,
నిన్ను చూడాలని ఉన్న నీ తమ్ముడు,
సామ్యేలు